చెంబక్క నీళ్ళ పరీక్ష

కొండ మీదికి పోయే బస్సులు ఆగేచోటికి ఎదురుగా, ఏడాది పొడుగునా చెమ్మ ఆరని వీధిలో, ఎడమ చేతి పక్క నాలుగో కొట్టు ఆవిడది. దానికి బోర్డంటూ ఏమీ లేదు. గుమ్మానికి అటూ ఇటూ వేలాడే వానకోట్లే బోర్డు. గాలేస్తే చాలు, అవి చేతులూపుతుంటాయి. కొత్తవాళ్ళు ఎవరో పిలుస్తున్నారనుకుని ఒక్క క్షణం ఆగి, తర్వాత సిగ్గుపడి నవ్వుకుంటారు. ఆ వీధివాళ్ళు మాత్రం నవ్వరు. అటు చూడకుండా చకచకా నడిచిపోతారు.

కొట్టులో ఉన్నవన్నీ ఒకరు వాడి వదిలేసినవే. వానకోట్లు, స్వెట్టర్లు, బూట్లు, బ్యాగులు. కొత్తవి కొనే స్తోమత లేనివాళ్ళూ, ఎప్పుడో ఒకసారి కొండెక్కడానికి అంత తగలెయ్యడం ఎందుకనుకునేవాళ్ళూ ఆవిడ దగ్గరికే వస్తారు. వాళ్ళని తప్పు పట్టడానికీ లేదు. ఆ కొండ అలాంటిది మరి. బస్సెక్కేటప్పుడు ఎండ, దిగేసరికి ముసురు, రెండు మలుపులు తిరిగితే గాలివాన, ఆపైన తన చెయ్యి తనకే కనపడనంత పొగమంచు. మధ్యాహ్నం లోపల మూడు కాలాలు చూపించి, నాలుగోది దాచిపెట్టుకున్నట్టు నంగనాచిలా కూర్చుంటుంది.

ఆవిణ్ణి అందరూ చెంబక్క అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరైనా వానకోటు బేరమాడితే ముందు వేసుకోమంటుంది. "జిప్పు మెడదాకా లాగు. తలమీద టోపీ వేసుకో. చేతులు పైకెత్తు. కళ్ళు మూసుకో." ఆ మాట పూర్తి కాకముందే చెంబెడు చన్నీళ్ళు నెత్తిమీద దభీమని పడతాయి. ఎదుట ఉన్నది ఎంత పెద్దమనిషైనా సరే, పెళ్ళికి ముస్తాబై వచ్చినా సరే, ఆవిడకి లెక్కలేదు. రెండో చెంబు భుజాల మీద, మూడోది చేతుల వెంట. తర్వాత మెడ పక్కనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి భుజాలూ వీపూ చంకలూ తడుముతుంది. ఎక్కడైనా తడి తగిలిందా, ఇక ఆ కోటు అమ్మదు. కాళ్ళావేళ్ళా పడినా అమ్మదు. సాయంత్రం కూర్చుని నీరు దిగిన చోట దిట్టంగా కుట్టి, లోపల టేపు అంటించి, మర్నాడు మళ్ళీ చెంబు ఎత్తుతుంది. ఒక్క చుక్క కూడా దిగకపోతేనే ఆ కోటు గుమ్మం దాటుతుంది.

మునుపు ఆవిడ గుడారాలు కుట్టే కార్ఖానాలో పనిచేసింది. పదిహేనేళ్ళు. అది మూతపడితే, జీతం బాకీ కింద ఓ పాత కుట్టుమిషను ఇచ్చి పొమ్మన్నారు. దాన్నే ఈ కొట్టులో పెట్టుకుంది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే ఒంటికాలి మీద లేచేది. యాభై దాటాక ఎత్తేవాళ్ళే లేరు. ఆవిడ నోరు పెద్దది. ఆ నోటికి జడిసి బేరం మానుకుని పోయినవాళ్ళు బోలెడుమంది, మర్నాడు తిరిగొచ్చినవాళ్ళు అంతకంటే బోలెడుమంది.

ఇదంతా పైకి కనిపించేది. అసలు ఆ చెంబు ఆవిడ చేతికి ఎలా వచ్చిందో చెప్పుకోవాలి.

పదకొండేళ్ళ కిందట ఆవిడ తమ్ముడు ఆ కొండ మీదే పోయాడు. నడిచేవాళ్ళకి దారి తెలియడానికి రాళ్ళ మీద రంగుతో గుర్తులు వేసే పని అతనిది. అక్క బాగుచేసి ఇచ్చిన నీలం వానకోటు తొడుక్కుని ఓ ముసురు రోజు పొద్దున్నే వెళ్ళాడు. మూడో రోజు తాడాయన వచ్చాడు. తాడాయనంటే కొండ మీద తప్పిపోయినవాళ్ళని వెతికే గుంపుకి పెద్ద. భుజాన తాడు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. గుమ్మంలోనే ఆగిపోయి, చేతిలో ఉన్న బట్టల కట్ట ముందుకి చాపాడు.

"మనిషి దొరికాడు చెల్లెమ్మా. ప్రాణం లేదు," అన్నాడు. "బట్టలు మాత్రం వేరేగా దొరికాయి. ఓ బండ కింద, వాన పడని చోట, మడతపెట్టి ఉన్నాయి. కోటు, దానిమీద స్వెట్టరు, దానిమీద చొక్కా. బూట్లు పక్కన. మేజోళ్ళు బూట్లలో దోపి ఉన్నాయి."

"ఎవరు మడతపెట్టారు?" అంది ఆవిడ. ఆ క్షణంలో ఇంకేం అడగాలో తెలీలేదు.

"తనే. చలి ముదిరి ఇంక మనిషి పోతాడనగా, ఒళ్ళంతా మండిపోతున్నట్టు ఉంటుందమ్మా. ఉక్క, ఉక్క అనుకుంటూ అన్నీ విప్పేసుకుంటారు. మేం చూస్తూనే ఉంటాం. కొందరు విసిరేస్తారు. కొందరు ఇంట్లో విప్పినట్టే మడతపెడతారు." తాడాయన కట్ట మీది చొక్కా తాకాడు. "చొక్కా మాత్రం తడిసి ముద్దయిపోయి ఉంది. పిండితే కారేలా ఉంది. ఎలా తడిసిందో ఏమో."

ఎలా తడిసిందో తనకి తెలుసనుకుంది ఆవిడ. భుజం దగ్గర తను వేసిన కుట్టు. అదే వదిలేసి ఉంటుంది. అక్కణ్ణించే వాన లోపలికి దిగి, తమ్ముడి చొక్కా తడిపి, వాణ్ణి చంపేసి ఉంటుంది. కోటు తీసుకుని నీళ్ళు పోసి చూస్తే తేలిపోయేది. చూడలేకపోయింది. నిజమని తేలితే ఆ తర్వాత బతకడం ఎలాగో ఆవిడకి తెలీదు. దాన్ని మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి కట్టి, అటక మీదికి ఎక్కించేసింది. ఆ మర్నాటి నుంచే చెంబు పట్టింది. తన చేతి కుట్టులోంచి ఇంకెవరి ఒంటి మీదా చుక్క పడకూడదని ఒట్టేసుకుంది.

ఆ తర్వాత ఈ పదకొండేళ్ళలో ఇంకో ఇద్దరు అలాగే పోయారు. ఓ బడిపంతులు, ఓ ఫొటోలాయన. ఇద్దరూ ఆవిడ దగ్గర కోటు కొన్నవాళ్ళే. రెండుసార్లూ తాడాయన బట్టలు తెచ్చి, "ఇది నీ కుట్టేనా, చూడు," అన్నాడు. రెండుసార్లూ ఆవిడ నీళ్ళు పోసింది. చుక్క దిగలేదు. హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు రెండు రోజులు అన్నం సయించలేదు, అది వేరే సంగతి.

"వీళ్ళ చొక్కాలు కూడా లోపల తడిసి ఉన్నాయమ్మా," అన్నాడు తాడాయన రెండోసారి. "నాకు బుర్రకెక్కట్లేదు."

"వాగులో పడి ఉంటారులే అన్నా," అంది ఆవిడ. ఆయన తాడు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ దగ్గర్లో వాగు లేదని ఇద్దరికీ తెలుసు.

అటక మీద సంచి సంగతి ఇంకా చిత్రం. వాన కురిసే రోజుల్లో దానికేమీ కాదు. పొద్దంతా ఎండ కాసిన రోజున, అదీ ఏడాదికి నాలుగైదు రోజులే, అటక చెక్కల సందులోంచి టప్ మని ఓ చుక్క పడుతుంది. కాసేపటికి ఇంకోటి. పైకప్పు బాగుచేసేవాణ్ణి పిలిపించింది. వాడు పైకెక్కి, కిందికి దిగి, "పైన దుమ్ము కూడా తడవలేదమ్మా, మీకు భ్రమ," అని నవ్వి కూలి తీసుకుని పోయాడు. భ్రమైతే గిన్నె ఎందుకు నిండుతుందిరా అని తిట్టుకుని, ఆ చుక్క కింద సత్తు గిన్నె పెట్టింది. ఓసారి ఎందుకో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది. గిన్నె వీధిలోకి విసిరికొట్టి, ఆ రోజంతా గుమ్మంలోనే కూర్చుంది. లోపలికి పోబుద్ధి కాలేదు.

ఇలా ఉండగా, మొన్న ఓ రోజు పొద్దున మేనకోడలు వచ్చింది.

అప్పటికి ఆవిడ మొదటి బేరం అయిపోయింది. పొడుగ్గా ఉండే ఓ కుర్ర గుమాస్తా, కొండెక్కడం ఇదే మొదటిసారట, చెంబు పడగానే కెవ్వుమని అరిచి, తర్వాత తనే పకపకా నవ్వి, ముదురాకుపచ్చ కోటు తొడుక్కుని తొలి బస్సెక్కి వెళ్ళిపోయాడు. వీధిలోకి పొగమంచు దిగుతోంది. గుమ్మం పక్క కోట్లు గాలి లేకుండానే కొద్దికొద్దిగా ఊగుతున్నాయి.

"అత్తా, నాకు ఉద్యోగం వచ్చింది!" అంది మేనకోడలు. తమ్ముడి కూతురు. తండ్రి పోయేనాటికి పదకొండేళ్ళది, ఇప్పుడు అచ్చం తండ్రి మొహం, తండ్రి నడక. "కొండ మీద వాన ఎంత కురిసిందో కొలిచే డబ్బాలు పెట్టారు. వారానికి రెండుసార్లు ఎక్కి రాసుకుని రావాలి. రేపట్నుంచే."

చెంబక్క చెంబు కింద పెట్టింది. "నీకు వేరే ఉద్యోగమే దొరకలేదుటే?" అంది.

"దొరికితే చేయనూ?" అంది ఆ పిల్ల. అదీ నిజమే. "అమ్మ ఒకటే మాటంది. వదిన సరేనంటే నాకూ సరే, అంది."

చూశారా, మరదలు ఎంత పని చేసిందో! పదకొండేళ్ళలో ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. నీ కుట్టే నా మొగుణ్ణి చంపిందా అని అడగలేదు. ఇప్పుడు కూతుర్ని తెచ్చి చేతిలో పెట్టింది. వద్దంటే పిల్ల బతుకుతెరువు పోతుంది. సరేనంటే, పిల్ల తిరిగొచ్చే పూచీ తనది.

"అయితే నుంచో," అంది. "ముందు ఆ జీన్స్ ప్యాంటు సంగతి చెప్తా. అది తడిసిందంటే కాళ్ళకి ఇటుకలు కట్టుకుని నడిచినట్టే. సాయంత్రానిక్కూడా ఆరదు. ఇదిగో, పల్చటి ప్యాంటు. చూడ్డానికి బాగోదు, నాకూ తెలుసు. నిన్నక్కడ చూసేదెవరు, మేకలా?"

ఆ పిల్ల నవ్వింది. చెంబక్క ఇక ఆగలేదు. ఒంటికి ఆనుకుని ఉండేది నూలు బట్ట కాకూడదంది. నూలు నీళ్ళు తాగి కూర్చుని ఒంట్లో వేడంతా పీల్చేస్తుందంది. బంతాట పిల్లలు వేసుకునే పల్చటి టీషర్టు ఒకటి గుట్టలోంచి లాగింది. దాని వీపు మీద ఎవరిదో తొమ్మిదో నంబరుంది. అప్పుడే తొడిగించింది. దానిపైన ఊలు స్వెట్టరు. మగవాళ్ళ గుట్టలో వెతికింది, అవి పొడుగ్గా ఉండి నడుము కప్పుతాయని. మోచేతి దగ్గర చిరుగుంటే, "ఇది నేను వేసేస్తాలే, నీకు అనవసరం," అంది. బూట్లు మాత్రం పొద్దునపూట కొననివ్వదు ఎవరినీ. నడిచి నడిచి పాదాలు ఉబ్బాక చూసుకోవాలి. అందుకని మేనకోడల్ని వీధి చివరిదాకా నాలుగుసార్లు పరిగెత్తించి తెచ్చి, మందపాటి మేజోళ్ళతో తొడిగించింది. బూటు వంచి అడుగు ఊడుతోందేమో చూసింది. ఊడలేదు.

"బ్యాగుకి వానతొడుగు కొనాలా అత్తా?"

"డబ్బు దండగ. గాలికి ఎగిరిపోతుంది. బ్యాగు లోపల పెద్ద చెత్తసంచి ఒకటి పెట్టి, సామానంతా అందులో వేసి మూతి మెలితిప్పు. చేతులకి ఊలు తొడుగులు, వాటి మీద అంట్లు తోముకునే రబ్బరు తొడుగులు. ఏంటా నవ్వు? వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు తెలుస్తుంది. తలకి ముందు అంచున్న టోపీ పెట్టుకుని, దానిమీద కోటు టోపీ లాక్కో, వాన కళ్ళలో కొట్టదు. గొడుగు మాట మాత్రం నా దగ్గర ఎత్తకు."

అలా మాట్లాడుతూనే ఉంది. మాట్లాడినంతసేపూ భయం తెలీలేదు. ఆఖరికి కోటు ఒక్కటే మిగిలింది. చెంబక్క గుమ్మం దగ్గరి కోట్లకేసి నడవబోయింది.

"కోటు నాన్నది ఇవ్వు," అంది మేనకోడలు.

ఆవిడ అక్కడే ఆగి అటకకేసి చూసింది.

"అటక మీద సంచిలో ఉందని నాకు తెలుసత్తా. ఎందుకు దాచావో కూడా తెలుసు. అమ్మకీ తెలుసు. నీళ్ళు పోసి చూసేద్దాం. కారితే కారింది. ఎవరూ నిన్నేమీ అనరు. నువ్వు మాత్రం ఎన్నాళ్ళని ఇలా?"

"నోర్ముయ్," అంది చెంబక్క. తర్వాత కుర్చీలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, నిచ్చెన తెచ్చింది. పాపం, ఆవిడకి మాత్రం తెలుసుకోవాలని లేదా? పదకొండేళ్ళుగా అదే కదా ఆవిడ బతుకు.

సంచి ముడి ఎంతకీ రాలేదు. కత్తిరతో కోసింది. పాతబట్టల ముక్కిన వాసన వస్తుందనుకుంటే రాలేదు. చెమట వాసన వచ్చింది, ఇప్పుడే ఎవరో పని ముగించుకుని వచ్చినట్టు. నీలం కోటు పైన పొడిగా, కొత్తదానిలా ఉంది. లోపల చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దే అమ్మాయ్. దీన్ని కాల్చేద్దాం."

ఆ పిల్ల అప్పటికే చేతిలోంచి లాక్కుని తొడుక్కుంది. సరిగ్గా సరిపోయింది. జిప్పు మెడదాకా లాగి, టోపీ వేసుకుని, చేతులెత్తి కళ్ళు మూసుకుంది. "పొయ్యి."

చెంబక్క పోసింది. మొదటి చెంబు నెత్తిమీద. రెండోది భుజాల మీద, తను పదకొండేళ్ళు కలవరించిన ఆ కుట్టు మీద. మూడోది చేతుల వెంట. నీళ్ళు బొట్లుబొట్లుగా జారి నేలమీద పడ్డాయి. మెడ పక్కనుంచి చెయ్యి పోనిచ్చింది. భుజం పొడిగా ఉంది. ఇటు భుజం కూడా పొడిగానే ఉంది.

"నా కుట్టు కాదే!" అని అరిచింది. "నా కుట్టు వదల్లేదే! చుక్క దిగలేదే తల్లీ!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలీకుండా ఆ పిల్ల భుజాలు పట్టుకుని ఊపేసింది.

"అత్తా," అంది మేనకోడలు. గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు ఉంది. "ఉక్కగా ఉంది."

చెంబక్క చేతులు ఆగిపోయాయి. ఆ పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. తలుపు బార్లా తెరిచి ఉంది, పొగమంచు గుమ్మం దాటి లోపలికి వచ్చింది, ఊపిరి వదిలితే ఆవిరి కనపడుతోంది. "చాలా ఉక్కగా ఉంది," అని ఆ పిల్ల జిప్పు కిందికి లాగింది. కోటు విప్పింది. తొందరేమీ లేదు. దాని చేతులు వెనక్కి మడిచి, నిలువుగా మడిచి, మళ్ళీ అడ్డంగా మడిచి స్టూలు మీద పెట్టింది. స్వెట్టరు విప్పింది. దాన్నీ అలాగే మడిచి కోటు మీద పెట్టింది. చిన్నప్పుడు చెంబక్క తల్లి తమ్ముడికి నేర్పిన మడత అది. ఈ పిల్లకి ఎవరూ నేర్పలేదు. తర్వాత బూట్ల లేసులు విప్పడానికి వంగింది.

"ఆపవే! ఆపు!" చెంబక్క ఒక్క కేక పెట్టి, స్టూలుని కాలితో తన్నేసి, ఆ పిల్లని వాటేసుకుని నేలమీద కూర్చోబెట్టింది. దొరికిన దుప్పటల్లా తెచ్చి చుట్టింది. చెంపలు రుద్దింది. తిట్టింది, బతిమాలింది, మళ్ళీ తిట్టింది. చాలాసేపటికి ఆ పిల్ల పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది. కళ్ళు మామూలుగా అయ్యాయి.

"చలేస్తోందత్తా," అంది. "ఏమైంది నాకు?"

తొమ్మిదో నంబరు టీషర్టు తడిసి ముద్దయింది. పిండితే కారేలా ఉంది. చెంబక్క దాన్ని మార్పించి, పొడిబట్టలు తొడిగి, వేడి టీ తాగించాక గానీ నేలమీద పడ్డ కోటు వైపు చూడలేదు. భుజాలు పొడి. మెడ పొడి. మరి ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి? కోటుని తిరగేసింది. లోపలి బట్టంతా చెమట పట్టింది. రెండు చంకల కిందనుంచీ చుక్కలు కారుతున్నాయి. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది.

చంకల కింద అడుగు పొడుగున జిప్పు ఉంది, రెండువైపులా. ఆ జిప్పు మీద అటునుంచి ఇటుదాకా కుట్టు. రెండు వరసల కుట్టు, దాని మీద టేపు. గుడారం కుట్టు. అలాంటిది ఆ వీధిలో ఇంకెవరికీ రాదు.

"ఇక్కడ జిప్పులెందుకత్తా?" అంది మేనకోడలు దుప్పట్లోంచి.

"గాలి ఆడటానికి. ఎక్కేటప్పుడు ఒళ్ళు వేడెక్కుతుంది కదా, తీసుకుంటే లోపలి ఆవిరి పోతుంది."

"మరి కుట్టేశావేం?"

చెంబక్క ఆ టేపు అంచు గోటితో గీరింది. "జిప్పులు నీళ్ళు కారతాయే," అంది. "వాడు తడుస్తాడని కుట్టేశాను. వాన లోపలికి రాకుండా కుట్టాను. వాడి చెమట బయటికి పోకుండా కుట్టాను. వాడు ఎక్కుతూ ఎక్కుతూ తన చెమటలో తానే తడిసిపోయాడు. ఆగి రంగు వేస్తూ కూర్చునేసరికి అదంతా మంచైపోయింది. భుజం కుట్టు వదిలేసినా బాగుండేదే. నేనే చంపాను. బాగా కుట్టి చంపాను."

మేనకోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఏదో ఓదార్చబోయింది. అంతలో దాని కళ్ళు గుమ్మానికి వేలాడే కోట్ల మీద పడ్డాయి.

"అత్తా, చంక జిప్పులు వీటన్నిటికీ ఉంటాయా?"

"చాలావాటికి."

"చెంబుతో పోస్తే కారతాయా?"

"చేతులెత్తి పోస్తే ప్రతిదీ కారుతుంది."

"మరి..."

"అన్నీ కుట్టేశాను," అంది చెంబక్క. "పదకొండేళ్ళుగా. ఒక్కటి కూడా వదల్లేదు." పంతులు కోటు, ఫొటోలాయన కోటు ఆవిడ కళ్ళముందు కదిలాయి. తను నీళ్ళు పోసి, చుక్క దిగలేదని హమ్మయ్య అనుకున్న కోట్లు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున తొలి బస్సుకి వెళ్ళిన పొడుగు గుమాస్తా. ముదురాకుపచ్చ కోటు. దాని చంకలు నిన్న సాయంత్రమే కుట్టింది.

 చటుక్కున లేచింది. కుట్లు విప్పే చిన్న కత్తి ఒకటి తీసుకుని, ఇంకోటి మేనకోడలి ఒళ్ళో పడేసింది. "కొట్టులో ఉన్నవన్నీ విప్పు. ఒక్కటి వదిలావంటే చంపుతా." అడ్డం వచ్చిన బట్టల గుట్ట మీదనుంచే వీధిలోకి పరిగెత్తింది. తాడాయన బస్సుస్టాపు దగ్గర టీ తాగుతున్నాడు. ఆవిడ ఏం చెప్పిందో, ఎంతవరకు చెప్పిందో, ఆయన టీ గ్లాసు బల్లమీద పెట్టేసి ఆవిణ్ణి బస్సెక్కించాడు. దారిలో ఒకే ఒక్క మాటన్నాడు. "వాగు లేదని నాకు తెలుసమ్మా." ఆవిడ తల వంచుకుంది.

కొట్టు పెట్టిన ఇన్నేళ్ళలో చెంబక్క ఆ కొండెక్కలేదు. తమ్ముడు పోయాక ఆ మాటే తలవలేదు. చెప్పుల్లోనే నడిచింది. ముసురు గాలివానైంది, గాలివాన పొగమంచైంది. మంచులోంచి ఒక్కోసారి ఎవరో మడతపెడుతున్నట్టు గుడ్డ చప్పుడు వినిపించేది. ఆగి చూస్తే ఏమీ ఉండేది కాదు. తాడాయనకి కూడా వినపడిందని ఆయన మొహం చూస్తే తెలిసింది.  ఆయన ఈల వేసేవాడు, ఆగేవాడు, మళ్ళీ వేసేవాడు.

మూడో మలుపు దాటాక ఓ బండ కింద దొరికాడు గుమాస్తా. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. కోటు ఒంటి మీదే ఉంది. జిప్పు సగం దాకా కిందికి వచ్చి ఉంది, వేళ్ళు దాన్ని ఇంకా కిందికి లాగబోతున్నాయి, లాగలేకపోతున్నాయి. తాడాయన తన బ్యాగులోంచి పొడిబట్టలు తియ్యడం మొదలుపెట్టాడు.

"చేతులెత్తు బాబూ," అంది చెంబక్క, అతని ముందు మోకాళ్ళ మీద కూలబడి. "విప్పకు, ఇంకా విప్పకు. కాస్త చేతులెత్తు." ఎడమ చంక కింద కత్తి పెట్టి లాగింది. మొదటి వరస తెగింది, రెండోది తెగింది, టేపు చిరిగింది. లోపల్నించి వెచ్చటి ఆవిరి బుస్సున వచ్చి ఆవిడ మొహానికి తగిలింది. ఆవిడ బిగ్గరగా ఏడుస్తోంది. ఆ ఏడుపు కొండంతా వినపడి ఉంటుంది.

గుమాస్తా కళ్ళు తెరిచి, ఆవిణ్ణి పోల్చుకుని, బిగుసుకుపోయిన పెదాలతో నవ్వబోయాడు. "ఎందుకేడుస్తున్నారక్కా?" అన్నాడు. "మీ కుట్టు చాలా బాగుంది. ఇంత వానలో కూడా చుక్క దిగలేదు."

చెంబక్క అతని కుడి చెయ్యి పైకెత్తి, రెండో చంక కింద కుట్టు కొయ్యడం మొదలుపెట్టింది.